బొటనవేలికి ఆసరా

మంగళవారం, మధ్యాహ్నం

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్‌లో మనిద్దరం మాట్లాడుకుంటే రెండో నిమిషానికి గొడవ, మూడో నిమిషానికి నువ్వు పెట్టెయ్యడం, ఆ తర్వాత మరదలు చేసి "ఆయన సంగతి తెలిసిందేగా వదినా" అని సర్దిచెప్పడం. ఉత్తరంలో అయితే నాకు అడ్డం రాలేవు. మొత్తం చదివి తీరాలి. పైగా ఇందులో కొలతలున్నాయి.

నా కుడిచేతి బొటనవేలు మొరాయిస్తోంది. దెబ్బేమీ తగల్లేదు. మణికట్టు దగ్గర, వేలు మొదలయ్యే చోట కీలు అరిగిపోయిందట. "యాభై రెండేళ్ళు వచ్చాయి, ఇక ఆ కెమెరా పక్కన పెట్టి హాయిగా కూర్చోండమ్మా" అన్నాడు డాక్టరు. హాయిగా కూర్చోమనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆయనకి అరవై దాటాయి. ఆయన్నెవరూ స్టెతస్కోపు పక్కన పెట్టమనరు. ఆడదాని పనీ, ఆదాయం లేని పనీ ఎప్పుడైనా మానెయ్యొచ్చని లోకానికి గట్టి నమ్మకం.

నా కెమెరాని నువ్వు చూశావు కానీ దాని తత్వం నీకు తెలియదు. దీన్ని రేంజ్‌ఫైండర్ అంటారు. లెన్సులోంచి కాకుండా పక్కనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. కిటికీ మధ్యలో ఒకే మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండూ వచ్చి ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి. ఫోటోలో పడే మేరకు గీతలుంటాయి, గీతల అవతల ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది. ఎవడు లాఠీ ఎత్తుతున్నాడో, ఎవడు చూసీ చూడనట్టు పోతున్నాడో ముందే తెలుస్తుంది. ఇరవై మూడేళ్ళుగా నేను దీన్ని వదలకపోవడానికి కారణం అదొక్కటే. అయితే చేసినవాడెవడో గానీ, సబ్బుబిళ్ళలా చేశాడు. వెనకవైపు బొటనవేలికి ఎక్కడా పట్టు లేదు. జారకుండా ఉండాలంటే రోజంతా వేలితో నొక్కి పట్టుకోవాలి. నొక్కీ నొక్కీ కీలు పోయింది.

దీనికో మందుంది. థంబ్ గ్రిప్ అంటారు. కెమెరా నెత్తి మీద ఫ్లాష్ తగిలించుకునే గాడి ఉంటుంది కదా, అందులోకి జారే చిన్న లోహపు ముక్క. దానికి వెనక్కి వంగిన నాలుక ఉంటుంది. ఆ నాలుక కింద బొటనవేలు ఒదిగితే బరువంతా దాని మీద పడుతుంది, వేలు ఊరికే ఆనుకుని ఉంటే చాలు. కెమెరాల షాపుకి వెళ్ళి మూడు రకాలు చూశాను. మొదటిది వెనక అంటించే రబ్బరు బిళ్ళ. అది చెమటకి రెండు రోజుల్లో ఊడిపోతుందని చూస్తేనే తెలిసింది. రెండోది గాడిలోకి జారేదే, కానీ వదులు. షట్టర్ వేగం మార్చే చక్రాన్ని సగం కప్పేసింది. మూడోది మడతబందుతో ఉంది, పక్కకి తిరుగుతుంది, చాలా షోకు. ఫిల్మ్ జరిపే లివర్ లాగితే టక్కున దానికి తగిలింది. "అలవాటైపోతుంది మేడమ్, వేలికి సోఫా లాంటిదిది" అన్నాడు షాపాయన. "నాయనా, సోఫాలో కూర్చుంటే లేవగలగాలి కదా" అన్నాను. కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశాడు.

కాబట్టి నువ్వే చేసిపెట్టాలి. టూల్‌రూమ్‌లో ఇరవై ఆరేళ్ళు ఇనుమూ ఇత్తడీ చెక్కినవాడివి, అక్క వేలికి ఒక ముక్క చెక్కలేవా? గాడి లోపలి వెడల్పు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు, లోతు రెండుకి కాస్త తక్కువ. బొమ్మ వెనక పేజీలో గీశాను. లివర్‌కి తగలకూడదు, చక్రాన్ని కప్పకూడదు. ఇత్తడి అయితే మంచిది.

ఒక మాట దాచుకోకుండా చెప్తాను. ఇది అడగడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నేను మన వారపత్రికకి రాస్తున్నది ప్రెస్సు షాపుల గురించి. రేకుని పెట్టి ముక్కలుగా కొట్టే ఆ ప్రెస్సుల కింద, ఒక్క వీధిలో, రెండేళ్ళలో పదకొండు మందికి వేళ్ళు పోయాయి. అందులో ఏడు బొటనవేళ్ళు. కార్మిక సంఘంలో పెద్దమనిషి ఒకాయన, "ఏమక్కా, వేళ్ళు తెగినవాళ్ళ ఫోటోలు తియ్యడానికి నీ వేలికి దిండు కావాలా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ ఊరుకోలేదు. "నీ కళ్ళజోడు తీసేసి మాట్లాడు. గుడ్డివాళ్ళు లేరా దేశంలో?" అన్నాను. మనవైపు వాళ్ళకో జబ్బుంది, తమ్ముడూ. నొప్పి పడితేనే నిజాయితీ అనుకుంటారు. సుఖం యజమానుల సొత్తని, మనం ముట్టుకుంటే మైలపడిపోతామని. నేనది ఒప్పుకోను. పనిచేసే చేతికి పట్టు ఉండాలి, అది ఎవరి చెయ్యయినా సరే. అన్నానే గానీ, ఇంటికొచ్చాక ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు.

నీ నోటిదురుసు అక్క


ఆదివారం

బంగారు తమ్ముడూ,

ఈసారి తిట్లు లేవు. ముక్క అందింది. మరదలి పాత చీర పేలికలో చుట్టి పంపావు కదా, విప్పగానే కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. గాడిలోకి జార్చితే సన్నగా బిగుసుకుంటూ పోయి ఆగింది. వదులు లేదు, గీత పడలేదు. లివర్ లాగితే గాలికి కూడా తగల్లేదు. నాలుక కింద మూడు సన్నని గాళ్ళు కొట్టావు, వేలు జారకుండా. నడిమిది కాస్త పొడుగు. అది నేను అడగలేదు. నీ అంతట నువ్వే ఆలోచించావు. "ఇలాంటి జారుడు ముక్కలు చాలా చేశాను, ఇది నాకు చేతికి అలవాటైన పని" అని రాశావు. అంత గొప్పలు పోనవసరం లేదు గానీ, నిజంగానే బాగా చేశావురా.

వారం రోజులుగా నొప్పి సగానికి తగ్గింది. నొప్పి తగ్గితే మనిషి ఎంత మంచిదైపోతుందో! నిన్న పాలవాడితో కూడా గొడవ పడలేదు. అతను భయపడి, "ఒంట్లో బాలేదా అమ్మా?" అని అడిగాడు.

దాంతో పెద్ద పని ఒకటి అయింది. లెక్కలమ్మ అని ఒకావిడ ఉంది. ప్రెస్సు మీద కొట్టే ప్రతి ముక్కనీ పైకి లెక్కపెడుతుందని అందరూ అలా పిలుస్తారు. నలభై ఏళ్ళుంటాయి, ఒంటరి మనిషి. నెల కిందట తొమ్మిదో నంబరు ప్రెస్సు కింద కుడి బొటనవేలు మొదలంటా పోయింది. ఎన్నో ముక్క దగ్గర పోయిందో కూడా చెప్పింది. పద్నాలుగు వందల డెబ్బై రెండోదట. చెప్పి, "ఆ ముక్క మాత్రం సరిగ్గా వచ్చింది మేడమ్" అని నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సంగతి ఇది. ఆ ప్రెస్సుకి రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే అచ్చు కిందికి దిగుతుంది. అంటే దిగేటప్పుడు రెండు చేతులూ బయటే ఉంటాయి. అలా చేస్తే వేలు పోయే ప్రసక్తే లేదు. కానీ అలా చేస్తే గంటకి మూడు వందల ముక్కలు రావు. అందుకని ఎడమ బటన్‌ని ఎప్పుడూ నొక్కి ఉంచేస్తారు. అప్పుడు ఒక చెయ్యి బటన్ మీద, ఇంకో చెయ్యి అచ్చు కింద. నష్టపరిహారం కోసం విచారణ జరుగుతోంది. కంపెనీవాళ్ళు ఏమంటున్నారంటే, "మాకేం తెలియదు, ఆవిడే రబ్బరు బ్యాండు చుట్టుకుంది, తప్పు ఆవిడది" అని. లెక్కలమ్మ ఏమంటుందంటే, రబ్బరు బ్యాండు కాదు, షాపులో అన్ని ప్రెస్సులకీ కంపెనీయే ఇచ్చిన లోహపు ముక్క ఉందని. ఆ ముక్కని ప్రెస్సు మీద ఉండగా చూపిస్తే కేసు నిలుస్తుంది, లేకపోతే పోతుంది. లెక్కలమ్మ తరఫున వాదిస్తున్న మా లాయరమ్మ నాకు అప్పజెప్పిన పని అదే.

మొన్న భోజనాల వేళ, తోటి పనివాళ్ళు వెనక షట్టరు ఎత్తి నన్ను లోపలికి పంపారు. ఆరు నిమిషాలు. నూనె వాసన, నేలంతా రేకు తునకలు. తొమ్మిదో నంబరు మీద ఇప్పుడు ఇంకొకావిడ పనిచేస్తోంది. ముక్క ఇంకా అక్కడే ఉందిరా! మనిషి వేలు పోయి నెల తిరిగినా, తీసెయ్యాలన్న జ్ఞానం కూడా లేదు వాళ్ళకి. ముప్పై ఆరు ఫోటోలు తీశాను. చెయ్యి వణకలేదు, కెమెరా జారలేదు. అది నీ పుణ్యమే. రేపు రీలు కడుగుతాను.

సంతోషంగా ఉన్న అరుదైన అక్క


గురువారం

తమ్ముడూ,

మూడు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

రీలు కడిగాను. నా బాత్‌రూమ్‌లో, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుకుని, ఎప్పటిలాగే. అన్నీ బాగా వచ్చాయి. పదిహేడో ఫోటోలో ఒకే చట్రంలో అన్నీ పడ్డాయి: ప్రెస్సు మీద తొమ్మిది అనే అంకె, ఎడమ బటన్, దాని చుట్టూ ఉన్న ఇనుప అంచు గాడిలోకి జారిన ఇత్తడి ముక్క, బటన్‌ని తొక్కిపట్టిన నాలుక. ఇంతకంటే ఏం కావాలి? లేచి చప్పట్లు కొట్టుకున్నాను, ఒక్కదాన్నే. పెద్ద ప్రింటు తీసి ఆరబెట్టి భూతద్దం పెట్టి చూశాను.

నాలుక మీద మూడు గాళ్ళు. నడిమిది కాస్త పొడుగు.

కాదులే అనుకున్నాను. అలాంటివి ఎవరైనా కొడతారు. అంచులు చూశాను. నీకు కుడి అంచు కంటే ఎడమ అంచు ఎక్కువ అరగదీసే అలవాటు. చిన్నప్పుడు నాకు చేసిచ్చిన పెన్సిలు డబ్బా మూత దగ్గర్నుంచీ అంతే. ఆకురాయి ఎడంచేత్తో పట్టుకుంటావు కాబట్టి. కెమెరా తెచ్చి ప్రింటు పక్కన పెట్టాను. గాడిలో బిగుసుకునే పాదం ఒకటే, నాలుక వంపు ఒకటే, అంచులు ఒకటే. ఒకటి వేలిని కాపాడేది, ఇంకొకటి తెగగొట్టేది. చేసిన చెయ్యి ఒకటే.

"చాలా చేశాను" అని రాశావు. ఎన్ని చేశావు తమ్ముడూ? ఎన్ని డబ్బాలు? డ్రాయింగు ఇచ్చారు, చేశాను అంటావు. ఆ మాట అందరూ అంటారు. ఈ లోకంలో జరిగిన ప్రతి ఘోరానికీ వెనక ఒక మంచి పనివాడుంటాడు, డ్రాయింగు ప్రకారం పనిచేసినవాడు, ఇంటికెళ్ళి కూతురికి హోంవర్కు చెప్పేవాడు. ఈ ముక్క నేను పత్రికలో ఎన్నిసార్లు రాశానో. రాసినప్పుడల్లా ఆ మనిషి ముఖం నీ ముఖం కాదు.

ఇంక మనసు ఊరుకోక లెక్కలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఏమీ చెప్పకుండా, ఆ ముక్క ఎలా వచ్చిందని అడిగాను.

"మొదట్లో వేరేవి ఇచ్చారు మేడమ్. మొరటువి. తగిలించేటప్పుడు వేళ్ళు చీరుకుపోయేవి, నూనె చేతికి జారిపోయేవి. తర్వాత ఇవి వచ్చాయి. ఎంత నున్నగా ఉన్నాయో! గీతలు కూడా పెట్టాడు, పట్టు దొరకడానికి."

"ఇష్టంగా పెట్టుకునేవాళ్ళా?"

"ఇష్టమేముంది? అది లేకపోతే టార్గెట్ రాదు, టార్గెట్ రాకపోతే రేపట్నించి రావద్దంటారు. తొందరగా తగిలిస్తే తొందరగా పనిలో కూర్చోవచ్చు. ఇవి చేసినవాడెవడో గానీ, పనివాళ్ళ చేతుల సంగతి తెలిసినవాడే అనుకునేవాళ్ళం. వాడి చెయ్యి చల్లగుండాలి అనేది మా పక్క ప్రెస్సు ఆవిడ."

విన్నావా? దీవించారు నిన్ను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే కలం సాగడం లేదు. నిన్న లాయరమ్మ వచ్చి ఫోటోలు అడిగింది. ఆ ముక్క ఎక్కడ తయారైందో కూడా కూపీ లాగుతామంది. లాగితే నీ టూల్‌రూమ్‌కి వస్తారు. మీ యజమాని చేతులు దులుపుకుని, "మా పనివాడు సొంతంగా చేసి అమ్ముకున్నాడు" అంటాడు. ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగాయి. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "రీలు పట్టుకోలేదమ్మా" అన్నాను.

మా కెమెరాలతో అందరికీ ఎప్పుడో ఒకసారి జరిగేదే అది. అడుగు మూత తీసి, ఫిల్మ్ కొసని చుట్టు గాడిలో దోపాలి. సరిగ్గా దోపకపోతే లోపల ఫిల్మ్ కదలదు. పైన లివర్ కదులుతుంది, టిక్కుమంటుంది, అంకె మారుతుంది. ముప్పై ఆరు తీశాననుకుంటావు, ఒక్కటీ పడదు. కిటికీలోంచి చూసేవాళ్ళకి ఏమీ తెలియదు. అలా అయిందని చెప్పాను. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. అయినా నన్ను ఒక్కమాట అనలేదు. "పర్లేదక్కా, మీకు వేలు నొప్పి కదా, దోపడం కుదిరి ఉండదు" అంది. ఇవాళ విచారణాధికారి దగ్గరికి తీసుకెళ్ళింది. అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టాను. కంపెనీవాళ్ళు మళ్ళీ లోపలికి పోనివ్వరు. షట్టరుకి తాళం వేశారు, ముక్కలు తీసేశారు.

ముప్పై ఏళ్ళుగా నోరు మూసుకున్న ప్రతివాణ్ణీ తిట్టి బతికాను. తీరా నా వంతు వచ్చేసరికి, నాకున్న ఒక్క తమ్ముడి కోసం పట్టుమని పది సెకన్లు ఆలోచించలేదు. నెగటివ్ నా బీరువాలో ఉంది. చింపలేదు. ఇవ్వనూ లేదు.

తెలియక చేశానని రాయి. ఒక్క ముక్క రాయి చాలు. అబద్ధమైనా నమ్ముతాను.

అక్క


బుధవారం

తమ్ముడూ,

పదమూడు రోజులు ఎదురుచూశాను, లెక్కలో ఆదివారాలు కూడా వేసుకుని. ఉత్తరం లేదు. ఫోన్ ఎత్తవు. మరదలు ఎత్తి, "స్నానం చేస్తున్నారు వదినా" అంటుంది. రోజుకి ఎన్నిసార్లు చేస్తావురా స్నానం?

నీ మౌనానికి అర్థం నాకు తెలుసు. తెలిసే చేశావు. తెలిసినవాడివి కాబట్టే ఆ గాళ్ళు కొట్టావు. తగిలించేటప్పుడు వేలు చీరుకోకూడదని ఆలోచించినవాడివి, తగిలించాక ఏమవుతుందని ఆలోచించలేదా? ఎంత సుకుమారమైన మనసురా నీది! చంపేవాడు కత్తి పిడికి మెత్తటి గుడ్డ చుట్టినట్టు.

ఎల్లుండి చివరి విచారణ. నేను వెళ్ళను. వెళ్ళి లెక్కలమ్మ ముఖం చూడలేను. నువ్వు మాత్రం నీ పని చేసుకో, డ్రాయింగు చూసుకో. పిరికివాడివి అని రాద్దామని కూర్చున్నాను, ఆ మాట రాస్తుంటే కలం నావైపే తిరుగుతోంది. నిన్ను కాపాడాను. కాపాడినందుకు నిన్ను అసహ్యించుకుంటున్నాను. ఇంతకంటే ప్రేమగా ఈ ఉత్తరం ముగించలేను.

అక్క


శుక్రవారం, ఉదయం

తమ్ముడూ, నా తండ్రీ,

పోయిన ఉత్తరం చింపెయ్. చదివే ఉంటావు. చదివి కూడా ఏమీ అనకుండా ఊరుకున్నావు. నీకంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? మన ఇంట్లో ఎవరికీ లేదది.

చివరి విచారణ అయిన రెండు వారాలకి, నిన్న ఉత్తర్వు వచ్చింది. లాయరమ్మ ఆఫీసులో, ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని చదివి వినిపించింది. ప్రమాదం కార్మికురాలి నిర్లక్ష్యం వల్ల జరిగినట్టు తేలిందట. నేను తల దించుకునే ఉన్నాను. ఆ తర్వాతి పేరా చదివింది. "వేరొక ఊరి టూల్‌రూమ్ కార్మికుడు ఒకరు తనంతట తానుగా హాజరై, ఒక డ్రాయింగును, నలభై ఇత్తడి ముక్కలను సమర్పించి, వీటిని తానే తయారుచేసి సదరు కంపెనీకి పంపినట్టు చెప్పియున్నారు. అయితే అట్టి ముక్క ప్రమాద సమయంలో గానీ, ఆ తర్వాత గానీ సదరు యంత్రంపై ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు. ఫోటోగ్రాఫరు తన రీలు పాడైనట్టు వాంగ్మూలమిచ్చియున్నారు. కావున ఆ ముక్కలను పరిగణనలోకి తీసుకోలేము."

మళ్ళీ చదవమన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "ఎవరో గానీ పాపం, పెద్దమనిషి అక్కా" అంది. "బస్సు దిగి నేరుగా వచ్చాడు, అన్నం డబ్బాలో ముక్కలు పోసుకుని. మొదటి యాభై తెలియక చేశాడట. ఒకసారి సైజు సరిచెయ్యడానికి షాపుకి పంపితే, అప్పుడు చూశాడట ఎందుకు వాడుతున్నారో. ఆ తర్వాత కూడా చేశాను, అది నా తప్పే అని ఒప్పుకున్నాడు. మానేస్తే ఇంకెవడితోనో మొరటుగా చేయిస్తారు, ఆడవాళ్ళ చేతులు తెగుతాయి అనుకున్నానండీ అన్నాడు. అధికారి మూడుసార్లు అడిగాడు, ఇది ఆ ప్రెస్సు మీద ఉండగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఫోటో గానీ ఏదైనా ఉందా అని. మూడుసార్లూ 'ఎవరూ లేరండీ' అన్నాడు. అడిగిన ప్రతిసారీ కాసేపు ఆగి."

కాసేపు ఆగి.

నీకు తెలుసు ఫోటో ఉందని. నేనే రాశాను కదా, బీరువాలో ఉందని. ఆ మాట నోరు తెరిచి అంటే కేసు నిలిచేది. కానీ నేను దొంగ వాంగ్మూలం ఇచ్చినదాన్నవుతాను. అందుకని నన్ను కాపాడావు. నేనేమో నిన్ను కాపాడాను. నేను అబద్ధం చెప్పకుండా ఉంటే నీ నిజం నిలబడేది. నువ్వు నా గురించి నిజం చెప్పి ఉంటే నా అబద్ధం కూలిపోయేది. అక్కాతమ్ముళ్ళం ఇద్దరం ఎంత చక్కగా, ఎంత ప్రేమగా, ఒకళ్ళకొకళ్ళం అడ్డం నిలబడ్డాం! ఆ మధ్యలో ఇరుక్కుని నలిగిపోయింది మాత్రం మన రక్తం కానిది.

మరదలికి ఫోన్ చేశాను. ఈసారి స్నానం అనలేదు. "పనిలోంచి తీసేసి రెండు వారాలైంది వదినా. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. అక్క తనవల్లే అనుకుంటుంది అన్నారు" అని ఏడ్చింది. అంటే విచారణకి వెళ్ళిన రోజే తీసేశారన్నమాట. నీకు ఏం రాయాలో తెలియక ఊరుకున్నావు. నేను పేజీలు నింపి తిట్టాను.

కుటుంబం గురించి నేను ఉపన్యాసాలిచ్చాను తమ్ముడూ. మనవాళ్ళు, బయటివాళ్ళు అనే గీతే అన్ని అన్యాయాలకీ మొదలని. మేనల్లుడికి కాంట్రాక్టు ఇచ్చే మంత్రినీ, అల్లుణ్ణి కాపాడుకునే పోలీసునీ ఏకిపారేశాను. వాళ్ళకీ నాకూ తేడా ఏమిటి? వాళ్ళకి వాటాలు దక్కాయి. నాకు అది కూడా లేదు. ప్రేమ వల్ల చేశానని చెప్పుకుంటే చెల్లిపోతుందా? వాళ్ళూ ప్రేమవల్లే చేస్తారు. నా కోపం ఇన్నేళ్ళూ ఎవరి మీదో ఖర్చుపెట్టాను, ఒక్క రూపాయంత కూడా నాకోసం మిగుల్చుకోలేదు.

ఇంటికి పోకుండా లెక్కలమ్మ దగ్గరికే వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎడంచేత్తో కూర తరుగుతోంది, కత్తిపీట కింద గుడ్డ వేసి, మెల్లగా. అంతా చెప్పాను. ముక్క చేసింది నా తమ్ముడని, ఫోటో ఉందని, లేదని సంతకం పెట్టానని. ఆవిడ తరగడం ఆపలేదు. అయిపోయాక చేతులు కడుక్కుంది.

"మంచివాడే మీ తమ్ముడు" అంది. "విచారణ రోజు బయట మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. నీళ్ళ సీసా మూత తీసిచ్చాడు."

"నన్ను తిట్టండి" అన్నాను.

"తిట్టి ఏం చేస్తాను? నాకూ తమ్ముడుంటే నేనూ అంతే చేసేదాన్నేమో. మీకు తమ్ముడున్నాడు. ఆయనకి అక్క ఉంది." తలుపు దాకా నాతో నడిచింది. "బాగుంది" అంది. అని తలుపు వేసుకుంది. విసురుగా కాదు. మామూలుగా, ఇంటికొచ్చిన మనిషి వెళ్ళిపోయాక వేసుకున్నట్టు.

ఆవిడ తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని.

లాయరమ్మకి కూడా చెప్పాను. "అక్కా" అనడం మానేసి, "మేడమ్" అనడం మొదలుపెట్టింది. పై అధికారి దగ్గర మళ్ళీ తెరిపించడానికి ముప్పై రోజులు టైముందట. కానీ ముందు నేను అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక కంపెనీ లాయరు, అప్పుడు అబద్ధమాడిన మనిషి ఇప్పుడు తెచ్చిన ఫోటో నిజమని ఎలా నమ్మాలంటాడు. నీ గురించి, అక్క కోసం ముక్కలు చేసి తెచ్చాడంటాడు. మనిద్దరం కలిసి కథ అల్లామంటాడు. గెలిచే అవకాశం ఎంత అని అడిగాను. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంది. నా మీదా కేసు రావచ్చు, నీ మీదా రావచ్చు, లెక్కలమ్మకి ఏమీ రాకపోవచ్చు. ఆశ ఉందని నీకు అబద్ధం చెప్పను. అబద్ధాలకి నా దగ్గర ఇక చోటు లేదు.

అయినా సోమవారం పది గంటలకి వెళ్తున్నాను. నెగటివ్ తీసుకుని. పొద్దున్న ఆరింటి బస్సుకి నువ్వూ బయలుదేరు. ఈసారి అధికారి అడిగినప్పుడు ఆగకు. నువ్వు నా పేరు చెప్పు. నేను నీ పేరు చెప్తాను.

అక్క